కోలారు గనిలో ఒక వెదకులాట

పాఠ్యభాగము: యోబు 28:1–28, కొలొస్సయులకు 1:15–20, 1 పేతురు 1:3–9, 18, 19
బంగారు వాక్యము: కొలొస్సయులకు 1:17 (అందరును బైబిలు తెరచి కలిసి చదువవలెను)



ఈ నెల పాఠము ముఖ్యముగా మన యౌవనస్థులను మనస్సునందుంచుకొని వ్రాయబడినది. అయినను పెద్దలును దీనిని చదివి గృహకూటములలో మాటలాడుకొనవలెనని కోరుచున్నాను. మన పిల్లలు హిందూపురములోను, అనంతపురములోను, బెంగళూరులోను కళాశాలలకు పోయి విజ్ఞానశాస్త్రము చదువుచున్నారు. వారు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు రెండు విధములైన ప్రసంగములు వినుచున్నారు. ఒక ప్రసంగీకుడు, శాస్త్రము దేవునికి విరోధి, దాని జోలికి పోవద్దనును. మరియొకడు, శాస్త్రజ్ఞులు ఇప్పుడే ఫలానా సంగతి కనుగొనిరి, దానితో బైబిలు రుజువైపోయినది అనును. మొదటి మాట విని కొందరు చదువును విడుతురు, కొందరు సంఘమును విడుతురు. రెండవ మాట చెవికి ఇంపుగా నుండును గనుక దానిలోని అపాయము మనకు కనబడదు. కనుగొంటిమన్న ఆ సంగతి రేపు నిలువలేదని తేలినయెడల, దానిమీద కట్టిన విశ్వాసము ఏమగును? మన పొరుగుననే జరిగిన ఒక నిజమైన సంగతిని పట్టుకొని ఈ ప్రశ్నను పరిశీలింతము.

1. యోబు గ్రంథములోని గని

యోబు 28వ అధ్యాయము నెమ్మదిగా చదువుడి. మొదటి పదకొండు వచనములు గని పనిని గూర్చినవి. మనుష్యుడు చీకటిలోనికి దారి చేసికొని పోవుట, జనసంచారమునకు దూరముగా వ్రేలాడుచు దిగుట, పక్షి కన్నుగాని సింహపు పాదముగాని ఎరుగని త్రోవలను త్రవ్వుట అక్కడ వర్ణింపబడినవి. పండ్రెండవ వచనమున ప్రశ్న మారుచున్నది. ఇంత లోతు త్రవ్వి వెండి బంగారములు తీయగలవానికి జ్ఞానము ఏ గనిలో దొరకును?

మన సీమవారికి ఈ అధ్యాయము పరాయిది కాదు. మన రామగిరిలో బంగారు గనులు నడచి మూతబడినవి. వాటన్నిటికంటె పెద్దవి కోలారు బంగారు గనులు. మడకశిర నుండి గౌరిబిదనూరు, చిక్కబళ్ళాపురము, కోలారు దాటి ఆగ్నేయ దిక్కుగా పోయినయెడల ఆ ఊరు వచ్చును. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు అక్కడ పని ఆరంభించిరి. 1902లో శివనసముద్రము జలపాతమునుండి విద్యుత్తు ఆ గనులకు తేబడెను. ఛాంపియన్ రీఫ్ అను గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగెను. తమిళులును తెలుగువారును వేల సంఖ్యలో అక్కడ కూలికి దిగిరి. లోతున బండలు ఒత్తిడికి పేలి అనేకులు చనిపోయిరి. రాతి ధూళి పీల్చి అనేకుల ఊపిరితిత్తులు చెడిపోయెను. నూటయిరువది సంవత్సరములలో ఎనిమిది వందల టన్నులకు పైగా బంగారము పైకి వచ్చెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూయబడెను.

ఆ గనిలోనికి బంగారము కొరకు కాక, మరియొక దాని కొరకును మనుష్యులు దిగిరి. వారు వెదకినది ఏమో తెలియుటకు ముందుగా కొంత శాస్త్రము నేర్చుకొనవలెను. ఓపికతో చదువుడి.

2. వేరువేరుగా కనబడునవి ఒక్కటియేనా?

లోకములోని వస్తువులు ఒకదానినొకటి లాగుటకును, తోయుటకును, పట్టియుంచుటకును, మార్చుటకును నాలుగు బలములు కారణమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మొదటిది గురుత్వాకర్షణ. చింతకాయ నేలను పడుటయు, చంద్రుడు భూమిని విడువక తిరుగుటయు దీనివలననే. రెండవది విద్యుదయస్కాంత బలము. దీపపు వెలుగును, మోటారు తిరుగుటయు, మెరుపును దీనివి. మూడవది ప్రబల బలము. పరమాణువు నడుమ ప్రోటానులు, న్యూట్రానులు అను సూక్ష్మకణములున్నవి. వాటిని ముద్దగా కట్టియుంచునది ఇదియే. నాలుగవది దుర్బల బలము. ఇది ఒక విధమైన కణమును మరియొక విధమైన కణముగా మార్చును. ఇది లేనియెడల సూర్యుడు మండజాలడు.

ఇవి నిజముగా నాలుగా, లేక ఒక్కదాని నాలుగు రూపములా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. చింతకాయను లాగు బలమును చంద్రుని లాగు బలమును ఒక్కటియేనని న్యూటను 1687లో తన గ్రంథమున చూపెను. విద్యుత్తును అయస్కాంతమును వేరని పూర్వులు తలంచిరి. 1831లో మైకేల్ ఫారడే అయస్కాంతమును కదలించి తీగెలో విద్యుత్తు పుట్టించెను. ఆయన లండను నగరమందు శాండిమన్ వర్గమను చిన్న సంఘములో పెద్దగా పనిచేసిన విశ్వాసి. తరువాత జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఆ రెంటిని ఒకే లెక్కలో ఇమిడ్చి 1865లో ప్రచురించెను. ఈయనయు స్కాట్లాండు సంఘములో పెద్ద. కేంబ్రిడ్జిలో ఆయన నడపిన ప్రయోగశాల 1874లో తెరువబడినప్పుడు, దాని తలుపుమీద కీర్తన 111:2 లాటిను భాషలో చెక్కబడెను. ఆ వచనము తీసి చదువుడి. దేవుని క్రియలను విచారించుట భక్తిహీనుల పని కాదని దానివలన తెలియును.

ఇరువదవ శతాబ్దమున గ్లాషో, అబ్దుస్ సలాము, వైన్‌బర్గ్ అను మువ్వురు విద్యుదయస్కాంత బలమును దుర్బల బలమును ఏకము చేసిరి. ఇందుకు 1979లో వారికి నోబెల్ బహుమానము వచ్చెను. ఆ సిద్ధాంతము ముందుగా చెప్పిన బరువైన కణములు 1983లో జెనీవా దగ్గర సెర్న్ ప్రయోగశాలలో కనబడెను. సలాము పంజాబులోని ఝంగ్ ప్రాంతపు ముస్లిం. వైన్‌బర్గ్ దేవుని నమ్మనని బాహాటముగా చెప్పినవాడు. అయినను ఇద్దరును ఒకే సత్యమునకు చేరిరి. దేవుడు తన సూర్యుని అందరిమీదను ఉదయింపజేయునని ప్రభువు చెప్పలేదా? సృష్టి గ్రంథమును చదువు సెలవును ఆయన అందరికిని ఇచ్చెను.

మిగిలిన అడుగు ప్రబల బలమును కూడ వాటితో కలుపుట. దీనికే మహా ఏకీకరణ సిద్ధాంతము అని పేరు. ఒడిషాలోని బారిపదలో పుట్టిన జోగేష్ పతి, సలాముతో కలిసి 1973, 1974 సంవత్సరములలో ఈ దారి చూపెను. 1974లో జార్జి, గ్లాషో అనువారు మిక్కిలి సరళమైన ఒక సిద్ధాంతమును ప్రకటించిరి. గురుత్వాకర్షణ ఇందులో చేరలేదు. దానిని కలుపుట ఇంకను కష్టమైన పని.

దీని భావమును మన ఊరి పోలికతో చెప్పెదను. మన దుర్గము కొండమీద వాన కురియును. క్రింద పొలములో నిలిచినవానికి మూడు వంకలు మూడు దిక్కులకు పారుట కనబడును. వాడు గట్లవెంబడి పైకెక్కి పోయినయెడల వంకలు ఒకదానికొకటి దగ్గరగుచు వచ్చి, శిఖరమున ఒక్క నీరే యుండును. ఆలాగుననే, సృష్టి ఆరంభమందలి మహా వేడిమిలో ఈ మూడు బలములు ఒక్కటిగా నుండి, వేడిమి తగ్గినకొలది మూడుగా చీలినవని ఈ సిద్ధాంతము చెప్పును. దీనికి మరియొక ఆకర్షణయు కలదు. ప్రోటాను మీది ధన విద్యుత్తును, ఎలక్ట్రాను మీది ఋణ విద్యుత్తును ఎంత సన్నముగా కొలిచినను సరిగా సమానము. రెండును ఏ సంబంధము లేని కణములైనయెడల ఈ సమానత్వమునకు కారణము దొరకదు. అవి ఒకే కుటుంబపువి అయినయెడల కారణము దొరకును. కాబట్టి ఈ సిద్ధాంతము ఊరక పుట్టిన ఊహ కాదు.

3. ప్రోటాను నశించునా?

అయితే శిఖరమునకు ఎక్కి చూచుట ఎట్లు? సెర్న్ వారి పెద్ద యంత్రము భూమిలోపల 27 కిలోమీటర్ల చుట్టుకొలత గలది. అదియు ఆ శిఖరమునకు చేరుటకు కోటానుకోట్ల రెట్లు చాలదు. ఇంకొక దారి మాత్రము కలదు. మూడు బలములు ఒకే మూలము గలవైనయెడల, ప్రోటాను ఎప్పుడో ఒకప్పుడు తానై చిట్లి తేలిక కణములుగా మారవలెను. కాబట్టి చిట్లిన ఒక్క ప్రోటానును పట్టుకొనినయెడల శిఖరమునుండి వార్త వచ్చినట్లే.

ఇది చిన్న మాట కాదు. మన దేహము, మన బైబిలు కాగితము, ఈ కొండలు, నక్షత్రములు సమస్తమును ప్రోటానులు గలవియే. ఒక్క బంగారపు పరమాణువులో 79 ప్రోటానులున్నవి. ప్రోటాను నశించునదైనయెడల పదార్థము యావత్తు మెల్లగా నశించునదే. భయపడకుడి. విశ్వము వయస్సు 1380 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞుల లెక్క. ప్రోటాను ఆయువు దానికంటె ఊహకందనంత ఎక్కువ. జార్జి, గ్లాషోల సిద్ధాంతము ప్రకారము అది 1 ప్రక్కన సుమారు 30 లేక 31 సున్నలు పెట్టినన్ని సంవత్సరములు.

అంత కాలము ఎవడు కనిపెట్టుకొని యుండగలడని మీరడుగుదురు. ఒక మనిషి ఆయువు ఎంతో తెలియుటకు అతని వాకిట డెబ్బది యేండ్లు కూర్చుండనక్కరలేదు. పెద్ద పట్టణపు మరణముల రిజిస్టరును ఒక్క సంవత్సరము చూచిన చాలును. నూరు టన్నుల పదార్థములో ప్రోటానులు న్యూట్రానులు కలిసి, 1 ప్రక్కన 31 సున్నలు పెట్టిన సంఖ్యకు ఆరు రెట్లుండును. కాబట్టి అంత పదార్థమును ఒకచోట పేర్చి కాపుకాచినయెడల, సిద్ధాంతము నిజమైతే, ఏడాదికి కొన్నియైనను చిట్లుట కనబడవలెను.

4. కోలారు గనిలో కాపుకాచుట

కాపుకాచుటకు నిశ్శబ్దమైన చోటు కావలెను. ఆకాశమునుండి విశ్వకిరణములు ఎడతెగక కురియుచున్నవి. వాటివలన పుట్టిన మ్యూయానులను కణములు మన అరచేతిగుండ సుమారు సెకనుకు ఒకటి చొప్పున దూసిపోవుచున్నవి. సంతలో నిలిచి సూది పడిన చప్పుడు వినలేము. అందుచేత శాస్త్రజ్ఞులు గనికి పోయిరి.

బొంబాయిలోని టాటా మూలపరిశోధన సంస్థవారు హోమీ భాభా ప్రేరణతో 1950ల ఆరంభముననే కోలారు గనులకు పోయి ఈ కిరణములను కొలుచుట మొదలుపెట్టిరి. బి. వి. శ్రీకంఠన్, ఎం. జి. కె. మీనన్, పి. వి. రమణమూర్తి, వి. ఎస్. నరసింహము, జపానుకు చెందిన మియాకే మొదలగువారు అక్కడ పనిచేసిరి. 1960ల ఆరంభమున వారు మిక్కిలి లోతైన చోట యంత్రము పెట్టి సుమారు రెండు నెలలు వేచియుండగా ఒక్క మ్యూయానును రాలేదు. ఆ శూన్యమే వారికి శుభవార్త. తాము కోరిన నిశ్శబ్దము దొరికెనని వారు గ్రహించిరి. 1965లో ఆ గనిలోనే, గాలిమండలములో పుట్టి భూమినంతయు దూసిపోగల న్యూట్రినో అను కణపు గుర్తును వారు పట్టుకొనిరి. అదే కాలమున దక్షిణాఫ్రికాలోని బంగారు గనిలో మరియొక బృందమును ఈ ఫలితమునే పొందెను. లోకములో ఈ రెండే మొదటివి.

ఆ తరువాత ప్రోటాను వంతు వచ్చెను. 1980వ సంవత్సరాంతమున, సుమారు 2300 మీటర్ల లోతున, 140 టన్నుల యంత్రము పని ఆరంభించెను. మన పొలములలో వెయ్యి అడుగుల బోరు వేసినప్పుడు ఎంత లోతని నిట్టూర్చుదుము. ఇది అట్టి బోర్లు ఏడున్నర ఒకదాని క్రింద ఒకటి పెట్టినంత లోతు. ఇనుప రేకులును, వాటి నడుమ కణము దూసిపోయినప్పుడు సంజ్ఞ పంపు గొట్టములును వరుసమీద వరుసగా 34 వరుసలు పేర్చిరి. లోపలనే ఒక ప్రోటాను చిట్లినయెడల, దాని ముక్కలు బయటికి పోవు జాడ ఆ గొట్టములలో తెలియును. టాటా సంస్థవారును, జపానులోని ఒసాకా నగర విశ్వవిద్యాలయమువారును కలిసి దీనిని నడపిరి. ప్రోటాను చావు కొరకు ప్రత్యేకముగా కట్టి కాపుకాచిన మొదటి పెద్ద యంత్రములలో ఇది యొకటి. తరువాత సుమారు రెండు కిలోమీటర్ల లోతున 260 టన్నుల రెండవ యంత్రమును పెట్టిరి.

ఒక మాట మరువకుడి. శాస్త్రజ్ఞులు ఆ లోతునకు తమంత తాము పోలేదు. గని కూలీలు త్రవ్విన సొరంగములోనికి, గని కూలీలు దింపిన బోనులో దిగిరి. నీరు తోడు పంపులును, గాలి పంపు యంత్రములును పనివారి చేతులలో నుండెను. లోకప్రసిద్ధమైన ఆ ప్రయోగము క్రింద పేరు వ్రాయబడని అనేకుల చెమట యున్నది. యోబు వర్ణించిన ఆ వ్రేలాడు మనుష్యులు వారే.

5. ఇద్దరు ముగ్గురు సాక్షులు

1981, 1982 సంవత్సరములలో కోలారు బృందమువారు కొన్ని జాడలను ప్రకటించిరి. అవి ప్రోటాను చిట్లినట్లుండెను. లోకమంతట శాస్త్రజ్ఞులు చెవులు నిక్కించిరి. అదే సమయమున అమెరికాలో ఈరీ సరస్సు క్రింది ఉప్పు గనిలో కొన్ని వేల టన్నుల నీటితో ఒక యంత్రము 1982లో పని ఆరంభించెను. జపానులో కమియోక గనిలో 3000 టన్నుల నీటితో మరియొకటి 1983లో ఆరంభమాయెను. అవి కోలారు యంత్రముకంటె చాల పెద్దవి. సరళ సిద్ధాంతము నిజమైనయెడల వాటిలో అనేక ప్రోటానులు చిట్లవలసియుండెను. ఒక్కటియు నిశ్చయముగా కనబడలేదు. అమెరికా బృందము 1983లోనే ఈ సంగతి ప్రకటించెను. జార్జి, గ్లాషోల సరళ సిద్ధాంతము అంతటితో పడిపోయెను.

మరి కోలారులో కనబడిన జాడల మాటేమి? న్యూట్రినో తాకినప్పుడును అట్టి జాడయే కలుగవచ్చును. 1965లో ఆ గనిలోనే పట్టుబడిన న్యూట్రినోయే ఇప్పుడు వేషధారియై వచ్చియుండవచ్చును. ఇతరులు నిర్ధారణ చేయలేదు గనుక ఆ జాడలు ప్రోటాను మరణమునకు సాక్ష్యముగా నిలువలేదు.

ఇందులో మనకు తెలిసిన ఒక నియమము కనబడుచున్నది. ద్వితీయోపదేశకాండము 19:15 చదువుడి. పౌలు దానినే 2 కొరింథీయులకు 13:1లో జ్ఞాపకము చేయుచున్నాడు. ఒక్క సాక్షిమీద ఏ మాటయు స్థిరపడదు. శాస్త్రజ్ఞులలో దేవుని నమ్మనివారు సహితము తమ పనిలో ఈ నియమమును గైకొనుచున్నారు. తాము కనుగొన్నామని ఆశించిన సంగతి నిలువనప్పుడు దానిని విడిచిపెట్టుచున్నారు.

1996 నుండి కమియోకలోనే 50,000 టన్నుల నీటితో సూపర్ కమియోకాండె అను యంత్రము కాపుకాచుచున్నది. ఇప్పటికిని ప్రోటాను చిట్లుట కనబడలేదు. ముఖ్యమని తలచిన ఒక విధమున చిట్లునదైనయెడల, దాని ఆయువు 1 ప్రక్కన 34 సున్నలు పెట్టిన సంఖ్యకు రెండు రెట్లకు మించియుండవలెనని 2020లో వారు ప్రకటించిరి. సరళ సిద్ధాంతము పోయినను, మహా ఏకీకరణపు ఇతర రూపములు ఇంకను పరీక్షలో నున్నవి. వెదకులాట ముగియలేదు.

సౌలు తన తండ్రి గాడిదలను వెదకబోయి రాజ్యము పొందిన సంగతి 1 సమూయేలు 9, 10 అధ్యాయములలో ఎరుగుదుము. ఇక్కడను అట్లే జరిగెను. ప్రోటాను కొరకు కట్టిన కమియోక, అమెరికా యంత్రములు 1987 ఫిబ్రవరి 23న, దూరమున పేలిన ఒక నక్షత్రమునుండి వచ్చిన న్యూట్రినోలను పట్టుకొనెను. 1998లో సూపర్ కమియోకాండెవారు న్యూట్రినోలు త్రోవలో రూపు మారునని చూపిరి. అందువలన వాటికి కొద్దిపాటి బరువు కలదని తెలిసెను. వట్టి చేతులతో తిరిగివచ్చినట్లు కనబడిన పనిలోనుండి ఈ ఫలములు వచ్చెను.

6. మనము నేర్చుకొనవలసిన సంగతులు

(అ) వార్తమీద విశ్వాసమును కట్టకుడి. 1982లో ఒక ప్రసంగీకుడు కోలారు వార్త విని, హెబ్రీయులకు 1:10–12 తెరచి, ఆకాశమును భూమియు వస్త్రమువలె పాతగిలునని శాస్త్రము రుజువు చేసెనని కేకవేసెననుకొందము. మరుసటి సంవత్సరము అమెరికానుండి కాదను మాట వచ్చినప్పుడు అతడు ఏమి చెప్పును? తన శ్రోతలలోని కళాశాల పిల్లవాడు, వార్తతోపాటు వాక్యమును కూడ పడిపోయెనని తలంచడా? పడిపోయినది సిద్ధాంతమే గాని వాక్యము కాదు. ఆ వాక్యము ప్రోటానును గూర్చిన పాఠముగా వ్రాయబడలేదు. సృష్టి మారిపోవుననియు, కుమారుడు మారడనియు చెప్పుటకు వ్రాయబడినది. అది కోలారు యంత్రమునకు ముందు ఎంత సత్యమో తరువాతను అంతే సత్యము.

(ఆ) క్రీస్తు నాలుగు బలములలో ఒకడు కాడు. పరమాణువును కట్టియుంచు ప్రబల బలమే క్రీస్తని కొందరు బోధించుట కలదు. కొలొస్స 1:17లో మన తెలుగు బైబిలు ఆధారభూతుడని తర్జుమా చేసిన చోట, గ్రీకు మూలములో సమస్తము ఆయనయందు కలిసి నిలుచుచున్నదను భావమున్నది. అది శ్రేష్ఠమైన మాట. అయితే దాని ముందరి వచనము చూడుడి. దృశ్యమైనవియు అదృశ్యమైనవియు ఆయనయందు సృజింపబడినవి. ప్రబల బలము సృష్టింపబడినదే, దుర్బల బలమును సృష్టింపబడినదే. నాలుగును ఒకటని రేపు తేలినను ఆ ఒకటియు ఆయన చేతిపనియే. తేలకపోయినను ఆయన సింహాసనము కదలదు. కుండ మట్టిని పరీక్షించి కుమ్మరి ఇందులో ఎక్కడనని వెదకువాడును, మట్టిలో కనబడలేదు గనుక కుమ్మరి లేడనువాడును ఒకే తప్పు చేయుచున్నారు.

(ఇ) బంగారమునకు మించినది కలదు. కంసాలి బంగారమును ఎంత కాల్చినను అది నశింపదు, మరింత మెరయును. అయినను పేతురు తన మొదటి పత్రిక 1:7లో దానిని నశించుదానిగా లెక్కించుచున్నాడు. 18, 19 వచనములలో మన విమోచనకు వెల వెండి బంగారములు కావనుచున్నాడు. కోలారు చరిత్ర దీనికి వ్యాఖ్యానము. ఎనిమిది వందల టన్నుల బంగారము తీసిన ఊరు గని మూతబడగానే ఉపాధి లేనిదాయెను. ఆ ఊరివారు వేకువనే రైలెక్కి బెంగళూరునకు పనికి పోవలసివచ్చెను. కరవు యేండ్లలో వేరుశనగ ఎండి వలసపోయిన మన కుటుంబములకు ఆ బాధ వేరుగా చెప్పనక్కరలేదు. బంగారము నశించుటకు ప్రోటాను చిట్లు కాలము వరకు కనిపెట్టనక్కరలేదు. దానిమీద ఆనుకొనినవారి చేతిలోనుండి అది ఎంతో ముందే జారిపోవును.

(ఈ) కానిదానిని కాదని చెప్పుటకు ధైర్యము కావలెను. ఎన్నో సంవత్సరములు చీకటిలో కాపుకాచి, చివరకు మాకు కనబడలేదని వ్రాయుట సులభము కాదు. మన కూటములలో సాక్ష్యములు చెప్పునప్పుడు ఈ యథార్థత మనకున్నదా? జ్వరము తగ్గినదానిని చనిపోయి లేచినట్లు చెప్పుట, పదిమంది వచ్చిన కూటమును నూరుమందిగా వ్రాయుట దేవునికి మహిమ కాదు. సత్యవంతుడైన దేవునికి మన అబద్ధపు సహాయము అక్కరలేదు. యోబు 13:7 చదివి ఆలోచించుడి. 1 థెస్సలొనీకయులకు 5:21లో పౌలు ఇచ్చిన ఆజ్ఞ ప్రయోగశాలకంటె ముందు మన వేదికకు చెందును.

(ఉ) నిజమైన ఐక్యము ఇదివరకే కొనబడినది. కొలొస్స మొదటి అధ్యాయములో పౌలు నడచిన త్రోవ గమనించుడి. 16, 17 వచనములలో సృష్టి అంతయు క్రీస్తునందు నిలుచుటను చెప్పెను. 18వ వచనమున వెంటనే సంఘమునకు వచ్చెను. 20వ వచనమున సిలువ రక్తమువలని సమాధానమునకు వచ్చెను. లోకమంతటిని కలిపి నిలుపువాడు మనలను కలుపలేడా? మన ప్రాంతములో తెలుగు మాటలాడువారును కన్నడము మాటలాడువారును ఒకే సంతలో బేరమాడుదురు. అయినను మన సంఘములలో ఈ పేటవారు ఆ పేటవారి ఇంట భోజనమునకు కూర్చుండుటకు వెనుదీయుట ఇంకను కలదు. ఒకే బల్ల యొద్ద రొట్టె తీసికొని, బయటికి వచ్చి కులము పేరు అడుగువారును కలరు. ఎఫెసీయులకు 2:14 చదువుడి. మూడు బలముల ఐక్యము ఇంకను వెదకబడుచున్నది. సంఘపు ఐక్యమును వెదకుటకు గని త్రవ్వనక్కరలేదు. దాని వెల చెల్లింపబడినది. మనము దానిలో నడచుటయే మిగిలియున్నది.

ముగింపు

యోబు 28వ అధ్యాయపు చివరి వచనమునకు వచ్చితిమి. జ్ఞానము ఏ గనిలోను దొరకదనియు, దేవునియందలి భయభక్తులును చెడుతనమును విడుచుటయు జ్ఞానమనియు అది తేల్చుచున్నది. ఆ వచనము గని త్రవ్వుటను నిషేధింపలేదు. మొదటి పదకొండు వచనములలో గని పనివాని నేర్పును మెచ్చుకొనుచునే యున్నది. కాబట్టి యౌవనస్థులారా, చదువుడి. భౌతికశాస్త్రము చదువువారు ధైర్యముగా చదువుడి. మీ పాఠ్యపుస్తకములో ఒక సిద్ధాంతము మారినప్పుడు మీ ప్రార్థన మానవలసిన పనిలేదు. తలిదండ్రులారా, పిల్లలు ప్రశ్నలడిగినప్పుడు వారిని గద్దింపకుడి. జవాబు తెలియనియెడల తెలియదని చెప్పి, వారితో కూడ కూర్చుండి వెదకుడి.

చర్చకు ప్రశ్నలు

1. యోబు 28:1–11లో గని పనిని గూర్చి చెప్పబడిన సంగతులను వరుసగా చెప్పుడి. 12వ వచనమున ప్రశ్న ఎట్లు మారినది?
2. ఒక క్రొత్త శాస్త్రవార్తను చూపి బైబిలు రుజువైనదని ఎవరైన చెప్పినప్పుడు మనము ఏమి అడుగవలెను?
3. కోలారు బృందపు జాడలు ఎందుకు నిలువలేదు? ఇద్దరు ముగ్గురు సాక్షుల నియమమును మన సంఘ సాక్ష్యములకు ఎట్లు వర్తింపజేయుదుము?
4. క్రీస్తు సమస్తమునకు ఆధారభూతుడనుటకును, క్రీస్తు ఒక ప్రకృతి బలమనుటకును భేదమేమి?
5. కొలొస్స 1:20 ప్రకారము మన ఊరి సంఘములో ఈ నెల సరిచేసికొనవలసిన ఒక ఎడబాటు ఏది? ఎవరు మొదటి అడుగు వేయుదురు?

ప్రార్థన

పరలోకపు తండ్రీ, కన్నులకు కనబడు కొండలను, ఏ కన్నును చూడలేని కణములను నీవే చేసితివి. నీ క్రియలను వెదకువారికి యథార్థతను ఓపికను దయచేయుము. దూరముగా చదువుకొనుచున్న మా పిల్లలను నీ సత్యములో నిలుపుము. గనులలోను బండలలోను పనిచేయువారిని, పనిలేక వలసపోయినవారిని కాపాడుము. నశించు బంగారముమీద గాని, మారిపోవు వార్తలమీద గాని మేము ఆనుకొనక, నీ కుమారునియందు నిలుచునట్లు సహాయము చేయుము. మా మధ్య మిగిలియున్న గోడలను ఆయన సిలువవలన పడగొట్టుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.